వచ్చిన పిల్లల లెక్క, రాని పిల్లల లెక్క

ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 2005–06లో ప్రథమ్ సంస్థ కొన్ని ఊళ్లలో చదువు శిబిరాలు పెట్టించింది. ఊళ్లోని యువతీయువకులే జీతం ఆశించకుండా, బడి వేళ ముగిశాక పిల్లలను కూర్చోబెట్టుకుని చదవడం నేర్పారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ఆ ఊళ్లను శిబిరాలు లేని ఊళ్లతో పోల్చి చూసింది. అక్షరం ముక్క రాకుండా శిబిరానికి వచ్చిన పిల్లలు కాలం గడిచేసరికి అక్షరాలు గుర్తుపట్టే దశకు చేరారు. జీతం లేని స్వచ్ఛంద శ్రమకు ఇది గొప్ప ఫలితం. అయితే శిబిరాల మొహం చూసింది ఆ ఊళ్ల పిల్లల్లో దాదాపు 8 శాతం మాత్రమే.

మరి శిబిరం పనిచేసినట్టా, చేయనట్టా? వచ్చిన పిల్లలను తీసుకుంటే ఒక జవాబు వస్తుంది. ఊరిని తీసుకుంటే మరో జవాబు వస్తుంది. రెండూ నిజమే. స్వచ్ఛంద సంస్థలు పిల్లలకు, యువతకు నడిపే కార్యక్రమాలు వాళ్లకు నిజంగా ఎంత ఉపయోగపడుతున్నాయో తేల్చే చర్చ ఎనభై ఏళ్లుగా ఇలాంటి రెండు నిజాల మధ్యే నలుగుతోంది. సాయంత్రపు ట్యూషన్ కేంద్రాలు, బ్రిడ్జి క్యాంపులు, కిశోర బాలికల బృందాలు, ఆటలతో జీవన నైపుణ్యాలు నేర్పే తరగతులు, ఉద్యోగ శిక్షణలు, అన్నిటికీ ఈ ప్రశ్న తగులుతుంది. ఏ పరీక్ష పెట్టాలి, ఏ పద్ధతి శాస్త్రీయం అన్న వాదనలే ఈ చర్చలో ఎక్కువగా వినిపిస్తాయి. అంతకన్నా ముందు తేలాల్సింది భిన్నంలో లవం కింద ఉండే హారం సంగతి అని నా అభిప్రాయం. ఎవరిని లెక్కలో వేసుకున్నాం, ఎవరిని వదిలేశాం అన్నది తేలకుండా ఏ శాతానికీ అర్థం ఉండదు.

మేలు తలపెడితే సరిపోదని తెలిసిన వేళ

ఈ చర్చకు మూలం అమెరికాలో ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి, సోమర్‌విల్ పట్టణాల్లో రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు తలపెట్టిన కార్యక్రమం 1939లో మొదలైంది. దారి తప్పుతారేమోనన్న అనుమానం ఉన్న మగపిల్లలనూ, అలాంటి అనుమానం లేనివాళ్లనూ ఎంపిక చేశారు. ఒకే తీరు పిల్లలను ఇద్దరిద్దరుగా జత కట్టి, నాణెం ఎగరేసి జతలో ఒకరిని చేర్చుకున్నారు. చేరిన పిల్లల ఇళ్లకు సలహాదారులు వెళ్లేవారు. చదువులో సాయం చేశారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. సగటున ఒక్కో పిల్లవాడికి అయిదేళ్లకు పైగా ఈ ఆదరణ అందింది.

ముప్ఫై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లలను, అప్పటికి నడివయసుకు చేరినవాళ్లను, వెతికి పట్టుకుని 1978లో ఫలితాలు ప్రచురించారు. కార్యక్రమం తమకు మేలు చేసిందని వాళ్లలో మూడింట రెండు వంతుల మంది చెప్పారు. కోర్టుల, ఆసుపత్రుల రికార్డులు వేరే కథ చెప్పాయి. జతలో బయట ఉండిపోయిన రెండో కుర్రాడి కన్నా వీళ్లు ఏ విషయంలోనూ మెరుగ్గా లేరు. మళ్లీ మళ్లీ నేరం చేయడం, తాగుడు, అకాల మరణం వంటి కొన్ని విషయాల్లో వీళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. 1999లో మెకార్డ్ మరో ఇద్దరితో కలిసి ఆ రికార్డులను తిరిగి పరిశీలించారు. కీడు ఎక్కువగా వేసవి శిబిరాలకు ఒకటికి మించి సార్లు వెళ్లిన పిల్లల్లోనే పోగైందని తేలింది. ఒకే తీరు పిల్లలు ఒకచోట చేరి, తప్పుడు పనులను ఘనకార్యాలుగా చెప్పుకుని, ఒకరినొకరు ఎగదోసుకున్నారన్నది వాళ్లిచ్చిన వివరణ.

ఈ ఒక్క అధ్యయనం రెండు నమ్మకాలను కూల్చింది. మంచి మనసుతో చేసిన పని కనీసం చెడు చేయదన్నది మొదటి నమ్మకం. లబ్ధి పొందినవాళ్లను అడిగితే నిజం తెలుస్తుందన్నది రెండోది. 1970లలో అమెరికాలో కుర్రాళ్లను జైలుకు తీసుకెళ్లి, ఖైదీల చేత బెదిరింపు మాటలు చెప్పించే కార్యక్రమం ఒకటి వచ్చింది. న్యూజెర్సీలోని రావే జైలులో తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ బహుమతి కూడా దక్కింది. తర్వాత యాదృచ్ఛిక ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే, ఆ కార్యక్రమానికి వెళ్లిన పిల్లల్లో నేరాలు పెరిగాయని తేలింది. 1987లో సామాజికశాస్త్రవేత్త పీటర్ రాసీ మరింత ముందుకు వెళ్లాడు. పెద్ద సామాజిక కార్యక్రమం దేన్ని తూచినా నికర ప్రభావం సున్నా అనే ఆశించాలని ఒక సూత్రమే చెప్పాడు.

దీనికి ఎదురు సాక్ష్యం లేకపోలేదు. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే అమెరికా సంస్థ ఒక్కో పిల్లవాడికి ఒక పెద్ద మనిషిని తోడుగా కూర్చుతుంది. 10 నుంచి 16 ఏళ్ల వయసున్న 959 మందిపై చేసిన అధ్యయనం 1995లో వెలువడింది. తోడు దొరికిన పిల్లల్లో ఏడాదిన్నర తర్వాత మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తగ్గింది. అసలైన పాఠం మాత్రం 2002లో అవే వివరాలను తిరగేసినప్పుడు బయటపడింది. ఏడాదికి పైగా నిలిచిన స్నేహాలు బాగా మేలు చేశాయి. కొద్ది నెలల్లోనే తెగిపోయినచోట పిల్లల్లో ఆత్మవిశ్వాసం మునుపటికన్నా తగ్గింది. ఒక సెమిస్టరు కోసం వాలంటీర్లను పంపి వెనక్కి పిలిపించుకునే కార్యక్రమాలు మన నగరాల్లోనూ ఉన్నాయి. వాటిని నడిపేవాళ్లు చదవాల్సిన పేజీ ఇది. పిల్లలకు మధ్యలో వదిలి వెళ్లిపోయిన అన్నయ్య, అక్కయ్య గుర్తుంటారు. వార్షిక నివేదికలో వాళ్లు ఇద్దరు వాలంటీర్లుగా, ఇరవై గంటలుగా మిగులుతారు.

మన నేల మీద: ఏది ఫలితం అన్నదే తగాదా

అమెరికా వాదన పద్ధతి చుట్టూ తిరిగితే, మన దగ్గర అది మొదట విలువల తగాదాగా వచ్చింది. ప్రొఫెసర్ మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో జీతగాళ్లుగా, కూలీలుగా ఉన్న పిల్లలను బడికి తెచ్చే పని చేపట్టింది. పిల్లలను బ్రిడ్జి క్యాంపుల్లో కొన్ని నెలలు ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్పించేవారు. ఆ పని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

1986 జాతీయ విద్యా విధానం ప్రకారం అప్పట్లో పనిపిల్లల కోసం అనియత విద్యా కేంద్రాలు నడిచేవి. పగలంతా పనిచేసిన పిల్లలు సాయంత్రం రెండు గంటలు చదువుకోవాలి. పిల్లలకు ఎంత చదువు వచ్చిందన్న కొలమానంతో చూస్తే ఆ కేంద్రాల్లో కొన్ని బాగానే నడిచి ఉండవచ్చు. ఎం.వి. ఫౌండేషన్ ఆ కొలమానాన్నే ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా బాల కార్మికులే అన్నది వాళ్ల మొదటి సూత్రం. పిల్లవాడు పొలంలో ఉన్నంతకాలం సాయంత్రం ఎన్ని అక్షరాలు వచ్చినా దాన్ని విజయంగా లెక్కించకూడదని వాళ్లు పట్టుబట్టారు. అందుకే క్యాంపులో చేరినవాళ్ల సంఖ్యను కాకుండా, ఊళ్లో బడి ఈడు పిల్లలందరి జాబితాను చేతిలో పట్టుకుని, ఇంకా ఎవరు రాలేదన్నదే లెక్కించారు.

సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళితే వాదన తలకిందులవుతుంది. కన్సర్న్డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్ సంస్థ అండతో 1990లో పనిపిల్లలే భీమ సంఘ పేరుతో సంఘం కట్టుకున్నారు. పని మొత్తాన్ని నిషేధించడం తమకు మేలు చేయదనీ, ప్రమాదకరమైన పనిని ఆపించాలనీ, తమ మాట వినాలనీ వాళ్లు కోరారు. 1995 నుంచి మక్కళ పంచాయతీలు, అంటే పిల్లల పంచాయతీలు, ఏర్పడ్డాయి. రెండు సంస్థలూ నిజాయితీగలవే. రెండూ పిల్లల వైపే నిలబడ్డాయి. కానీ ఒకదాని కొలబద్దతో రెండోదాన్ని కొలిస్తే రెండోది ఓడిపోతుంది. పిల్లవాడికి ఏది మంచిదన్న తీర్పు కొలత మొదలుకాకముందే జరిగిపోతుందని ఇంతకన్నా స్పష్టంగా చూపే జంట మన దేశంలో నాకు కనబడదు.

పరీక్షలు, ప్రయోగాలు తర్వాత వచ్చాయి. ముంబయి, వడోదరలలో ప్రథమ్ నడిపిన బాలసఖి కార్యక్రమాన్ని 2001 నుంచి 2003 దాకా యాదృచ్ఛిక పద్ధతిలో పరిశీలించారు. నెలకు 500 నుంచి 750 రూపాయల జీతంతో స్థానిక యువతులు తరగతిలో వెనకబడిన పిల్లలను పక్కకు తీసుకెళ్లి చదివించేవారు. రెండో ఏడాది చివరికి మార్కులు 0.28 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. చవక ఖర్చుతో అంత ఫలితం రావడం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. కార్యక్రమం నుంచి బయటికొచ్చిన ఏడాదికి ఆ లాభం 0.1 దగ్గరికి కుంగిపోయిందన్న రెండో వాక్యం మాత్రం సభల్లో తక్కువ వినిపిస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు కలిసి పెద్ద ప్రయోగాలు జరిపాయి. వాటిని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపించారు. అందులో రెండు ఫలితాలు మన చర్చకు సూటిగా తగులుతాయి. బడులకు అదనపు గ్రాంటు ఇస్తే మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలుసు కాబట్టి నోటు పుస్తకాలకు, ఇతర సామగ్రికి తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. దాంతో ఆ ఏడు లాభం కనబడలేదు. సాయం అందుకునే కుటుంబం చేతులు ముడుచుకుని కూర్చోదు, తన లెక్క తాను సర్దుకుంటుంది. రెండోది ఇంకా నొప్పించే సంగతి. 100 బడుల్లో ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా నివేదికలు రాసి టీచర్లకు ఇచ్చారు. పరిశీలకులు వచ్చి కూర్చున్నప్పుడు టీచర్లు మరింత శ్రద్ధగా పాఠం చెప్పారు. పిల్లల మార్కులు మాత్రం పెరగలేదు. నివేదిక చేతికి అందినంత మాత్రాన పని మారదని మన రాష్ట్రంలోనే రుజువైంది.

నాలుగు చూపులు

ఈ చరిత్రలోంచి నాలుగు వాదాలు స్థిరపడ్డాయి. నిజానికి ఒకే సంస్థలో ఇద్దరు ముగ్గురు మనుషులు వేర్వేరు వాదాలను పట్టుకుని ఉంటారు.

మొదటిది ప్రయోగవాదం. డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1969లో, సంస్కరణలను ప్రయోగాలుగా చూడాలని వాదించాడు. 2003లో పుట్టిన జె-పాల్ పరిశోధన కేంద్రం ఆ దారిని ప్రపంచమంతా పరిచింది. 2019లో బెనర్జీ, డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చింది. కార్యక్రమం లేకపోతే ఈ పిల్లలు ఎలా ఉండేవారో చూపించడం ఈ వాదం బలం. వయసుతో పాటు పిల్లలు ఎలాగూ కొంత నేర్చుకుంటారు. పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఆ ఎదుగుదలంతా సంస్థ ఖాతాలో పడిపోతుంది. ఆంగస్ డీటన్, నాన్సీ కార్ట్‌రైట్ 2018లో దీనికి ఎదురు చెప్పారు. ఒకచోట సగటు ఎంతో ప్రయోగం చెబుతుంది కానీ ఎందుకో, ఎవరికో, మరోచోట ఎలా ఉంటుందో చెప్పదన్నది వాళ్ల అభ్యంతరం. అది న్యాయమైనదే. సగటున అరమెట్టు లాభమంటే కొందరు మూడు మెట్లు ఎక్కారనీ కావచ్చు, కొందరు జారిపడ్డారనీ కావచ్చు. కేంబ్రిడ్జి కుర్రాళ్లలో వేసవి శిబిరాల సంగతి బయటపడటానికి అరవై ఏళ్లు పట్టింది.

రెండోది నిధులిచ్చేవారి లెక్క. 1969లో అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కోసం తయారైన లాగ్‌ఫ్రేమ్ పట్టిక ఇప్పటికీ మన సంస్థల ప్రతిపాదనల్లో ఉంటుంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకు సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చును తప్పనిసరి చేసింది. 2021 సవరణలు దీనికి ప్రభావ మదింపును జోడించాయి. మూడేళ్ల సగటున 10 కోట్ల రూపాయలు లేదా అంతకు మించి సీఎస్‌ఆర్ బాధ్యత ఉన్న కంపెనీ, కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టులను అవి పూర్తయిన ఏడాది తర్వాత స్వతంత్ర సంస్థతో మదింపు చేయించాలి. డబ్బు ఎటు పోయిందో అడగడం తప్పు కాదు. అయితే క్యాంప్‌బెల్ చెప్పిన మరో మాట ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఏ సూచిక మీద నిర్ణయాలు ఎక్కువగా ఆధారపడితే ఆ సూచికే అంతగా చెడిపోతుంది. హాజరు పట్టీ మీద నిధులు నిలిస్తే హాజరు పట్టీయే నిండుతుంది.

మూడోది భాగస్వామ్యవాదం. గ్రామస్థులే తమ పరిస్థితిని నేలమీద గీసి చెప్పే పద్ధతులను రాబర్ట్ చాంబర్స్ ప్రచారంలోకి తెచ్చాడు. 1990లలో బంగ్లాదేశ్‌లో రిక్ డేవిస్ మరో పద్ధతి రూపొందించాడు. అతి ముఖ్యమైన మార్పు ఏదో పాల్గొన్నవాళ్ల నోట కథలుగా విని, వాటిని వడకట్టే పద్ధతి అది. పిల్లల విషయంలో రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన ఎనిమిది మెట్ల నిచ్చెన ప్రసిద్ధం. కింది మూడు మెట్లనూ ఆయన అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. పిల్లలను వేదిక మీద నిలబెట్టి, పెద్దలు రాసిచ్చిన నాలుగు మాటలు చెప్పించడం ఆ మెట్లలోదే. పాల్గొన్నవాళ్ల గొంతు ఈ వాదం ప్రాణం, కేంబ్రిడ్జి కుర్రాళ్లు దానికి తగిలిన గట్టి దెబ్బ. మెచ్చుకున్నవాళ్లు మెరుగుపడలేదు. పైగా కథ చెప్పడానికి దొరికేది కార్యక్రమంలో నిలబడినవాళ్లే. మానేసిన పిల్లవాడి కథ సక్సెస్ స్టోరీల ఫైలులో దొరకదు.

నాలుగోది పనిచేసేవాళ్ల చూపు. మూల్యాంకనం ఎవరు వాడుకుంటారో ముందే తేల్చుకుని మొదలుపెట్టాలని మైకేల్ క్విన్ పాటన్ 1978 నుంచి చెబుతూ వచ్చాడు. నివేదిక కోసం కాకుండా రేపటి తరగతి కోసం కొలవడం దీని స్వభావం. ప్రథమ్ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే పరీక్ష దీనికి మంచి నమూనా. అక్షరాలు, పదాలు, ఒక పేరా, ఒక చిన్న కథ, అంతా ఒక్క కాగితమే. ఆ కాగితంతోనే దేశం స్థితిని అంచనా వేస్తారు, ఆ కాగితంతోనే వాలంటీరు పిల్లలను ఈ పూట ఏ గుంపులో కూర్చోబెట్టాలో తేల్చుకుంటుంది. కొలతకూ పనికీ మధ్య దూరం ఇంత తగ్గిన పరికరం అరుదు. దీని లోపమూ అక్కడే ఉంది. తన పనిని తానే కొలిచేవారికి తమ తప్పు అంత సులువుగా కనబడదు.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే తేడా పద్ధతిలో కన్నా జవాబు చెప్పుకోవాల్సిన మనిషిలో కనబడుతుంది. ప్రయోగవాది విధానకర్తకు, రెండోవాడు బోర్డుకు, మూడోవాడు సమూహానికి, నాలుగోవాడు తన కార్యకర్తకు జవాబు చెబుతాడు. పాల్గొన్న పిల్లవాడికే నేరుగా జవాబు చెప్పాలన్న బాధ్యత ఏ వాదంలోనూ మొదటి స్థానంలో లేదు, భాగస్వామ్యవాదంలో కూడా. వీటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే ఇంకా నేర్చుకుంటున్న చిన్న సంస్థకు నాలుగోదే నయం. ఒక పద్ధతిని వేల బడులకు విస్తరించే ముందు మాత్రం మొదటిది లేకుండా కదలడం పిల్లల మీద జూదం ఆడటమే.

మార్కులు లేనిచోట

చదవడం వచ్చిందా లేదా అన్నది తేల్చడం సులువు. ధైర్యం, సమానత్వ భావన, బృందంలో కలిసి నడవడం వంటివి ఎలా కొలవాలి? హర్యానాలో అధ్యయనానికి ఎంచుకున్న 314 ప్రభుత్వ బడుల్లో 150 చోట్ల బ్రేక్‌త్రూ సంస్థ రెండున్నరేళ్ల పాటు ఆడామగా సమానత్వంపై తరగతులు నడిపింది. దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్‌ల అధ్యయనం 2022లో వెలువడింది. వెనకబాటు భావాల్లో దాదాపు 16 శాతం సమానత్వం వైపు మారాయని తేలింది. పిల్లలు టీచరుకు నచ్చే జవాబే చెబుతున్నారా అన్న అనుమానం ఇలాంటిచోట సహజం. అందుకని ఎదుటివాళ్ల మెప్పు కోసం మాట్లాడే స్వభావం ఎవరికి ఎక్కువో విడిగా కొలిచి చూశారు. మారామని చెప్పడమే కాదు, ఇంటిపని ఎక్కువ చేస్తున్నామని అబ్బాయిలు చెప్పారు. అమ్మాయిల నడతలో మార్పు అంతగా లేదు. భావం మారినా, బయటికి వెళ్లే స్వేచ్ఛ వాళ్ల చేతుల్లో లేదు. జీవన నైపుణ్యాల కార్యక్రమం అమ్మాయిల్లో నడత మార్పు తేలేదని ఎవరైనా తీర్పు ఇచ్చే ముందు ఈ సంగతి ఆలోచించాలి. గుమ్మం దాటనివ్వనిది ఇల్లైతే ఆ లోటును అమ్మాయి మార్కుల్లో కోయడం అన్యాయం.

ఉద్యోగ శిక్షణల్లో ఈ చిక్కు మరో రూపంలో వస్తుంది. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద శిక్షణ నడిపే సంస్థలు కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలి. ఆఫర్ లెటర్ అందిన రోజు అందరూ విజేతలే. ఆరు నెలల తర్వాత ఎంతమంది ఉన్నారన్నది వేరే ప్రశ్న. బీహార్, జార్ఖండ్‌లలో జరిగిన ఒక ప్రయోగంలో, ఉద్యోగాల జీతం, అక్కడి బతుకు గురించి ముందే ఉన్నదున్నట్టు తెలుసుకున్న యువత ఆ ఉద్యోగాల్లో ఎక్కువకాలం నిలిచారు. ఢిల్లీలో సత్య, ప్రథమ్ సంస్థలు నడిపిన కుట్టు శిక్షణను పుష్కర్ మైత్ర, సుభా మణి పరిశీలించారు. శిక్షణ పొందిన స్త్రీల సంపాదన బాగా పెరిగిందనీ, అయితే కేంద్రం దూరం కావడం, పిల్లలను చూసుకునేవాళ్లు లేకపోవడం చాలామందిని మధ్యలోనే ఆపేసిందనీ తేలింది. మానేసినవాళ్ల దగ్గరకు వెళ్లి కారణం అడిగితేనే ఈ సంగతి తెలుస్తుంది. సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లను ఎన్నిసార్లు అడిగినా తెలియదు.

హారంలో ఎవరున్నారు

ఇక్కడే రాజస్థాన్ అనుభవాన్ని కాస్త నింపాదిగా చూడాలి. భిల్వాడా జిల్లాలో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి 2018 దాకా ఒక డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ బాండు కింద పనిచేసింది. పెట్టుబడి పెట్టినది యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్, ఫలితం వస్తే చెల్లించేది సిఫ్ అనే లండన్ సంస్థ, కొలిచింది ఐడీఇన్‌సైట్. మూడేళ్ల చివర బడిలో చేర్పించే లక్ష్యంలో 116 శాతం, చదువు లక్ష్యంలో 160 శాతం సాధించారు. ఈ సంస్థకు 2025లో మెగసెసే కూడా దక్కింది.

ఫలితాన్ని బట్టి చెల్లించడమే ఈ విజయానికి కారణమని చాలామంది రాశారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది మరొకటి. రెండేళ్లు గడిచేసరికి చదువు లక్ష్యంలో సంస్థ వెనకబడి ఉంది. చదువులో లాభం ఒక్కసారిగా దూకింది మూడో ఏటనే. ఆ ఏడు పిల్లలను స్థాయిని బట్టి విడగొట్టారు, బడికి రాని పిల్లల ఇళ్లకే వెళ్లి పాఠాలు చెప్పారు. ఎందుకు వెళ్లారు? చెల్లింపు లెక్క తరగతిలో కూర్చున్నవాళ్లతో ఆగలేదు, పేరు ఉండి బడికి రాని పిల్లల దాకా వెళ్లింది. రాని పిల్లలను హారంలో ఉంచితే సంస్థ వాళ్లను వెతుక్కుంటూ వెళుతుంది. తీసేస్తే వాళ్లు సంస్థకు కనబడకుండా పోతారు. జౌన్‌పూర్‌లో ఆ మిగతా 92 శాతం మంది బయటపడింది పరిశోధకులు ఊరంతటినీ లెక్కలో వేసుకోబట్టే. అసర్ సర్వే బడికి కాకుండా ఇంటికి వెళ్లడానికి కారణమూ ఇదే. బడి బయట ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే దొరుకుతారు. 14 నుంచి 18 ఏళ్లవారిపై 2023లో చేసిన అసర్‌లో దాదాపు పాతిక శాతం మంది తమ భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేకపోయారు. బడుల్లోనో కేంద్రాల్లోనో ఉన్నవాళ్లనే కొలిస్తే ఈ వాస్తవం పూర్తిగా కనబడదు.

ఈ పద్ధతికి మూల్యం ఉంది. మానేసినవాళ్లను వెతకడానికి కార్యకర్త సమయం, బండి ఖర్చు, మంచి రికార్డులు కావాలి. ఇరవై మంది పిల్లలతో నడిచే చిన్న సంస్థకు అది పెద్ద భారం. అందుకే ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నను దాతల ముందు పెట్టక తప్పదు. తన పిల్లల్లో సగం మంది మానేశారని నిజాయితీగా చెప్పిన సంస్థ నిధులు పోగొట్టుకుని, సంతకాలతో నిండిన హాజరు పట్టీ చూపిన సంస్థ నిధులు తెచ్చుకుంటే, ఎవరు ఏం నేర్చుకుంటారో చెప్పనక్కరలేదు.

తేలనివి

కాలం సంగతి మొదటిది. బాలసఖి లాభం ఏడాదికే కరిగింది. ఎదురుగా, చిన్నప్పుడు దొరికిన తోడు చాలా ఏళ్ల తర్వాత పనికొచ్చే సందర్భాలూ ఉంటాయన్న వాదన ఉంది. ఎన్నేళ్లు చూసి తీర్పు చెప్పాలో ఒప్పందం లేదు. మూడేళ్ల ప్రాజెక్టుకు ముప్ఫై ఏళ్ల మెకార్డ్ తరహా పరిశీలన ఎవరూ చేయలేరు. ఏడాదిలోపు తీర్పూ పనికిరాదు.

పోల్చే గుంపు నైతికత రెండోది. నాణెం ఎగరేసి సగం మంది పిల్లలకు సాయం ఆపడం న్యాయమా అన్న ప్రశ్న పాతది. నిధులు ఎలాగూ అందరికీ చాలవు కాబట్టి లాటరీయే న్యాయమన్నది ఒక జవాబు. అది కొంతవరకే ఒప్పుతుంది. ఆకలి, హింస ఉన్నచోట లాటరీ వేయలేం.

మూడోది పిల్లల అనుమతి. బాలల హక్కుల ఒడంబడికను భారత్ 1992లో ఆమోదించింది. తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కు అందులోని 12వ అధికరణం పిల్లలకు ఇస్తుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. పదిహేడేళ్ల అమ్మాయి తన ఇంట్లో హింస గురించి సర్వేలో చెప్పాలంటే అనుమతి ఎవరు ఇవ్వాలి? ఈ రెండు పత్రాలూ ఆ అమ్మాయికి రెండు వేర్వేరు మార్గాలు చూపుతాయి.

నాలుగోది నివేదిక ఎవరి చేతికి వెళ్లాలన్నది. సీఎస్‌ఆర్ నిబంధనల ప్రకారం ప్రభావ మదింపు నివేదికను బోర్డు ముందు పెట్టి, వార్షిక నివేదికకు జతచేయాలి. పరీక్ష రాసిన పిల్లలకు, వాళ్ల ఊరికి చెప్పాలన్న మాట అందులో లేదు. సోషల్ స్టాక్ ఎక్స్చేంజిలో చేరే సంస్థలకు మొదట్లో ‘సోషల్ ఆడిట్’ అని పిలిచిన మదింపు ఉంది. అది అర్హత పొందిన మదింపుదారు తయారుచేసే పత్రం. అదే పేరున్న ‘సామాజిక తనిఖీ’ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలు 2006 నుంచి ఉపాధి హామీ పథకంలో వేరే రూపంలో చూశాయి. మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఈ పని చేశావా, ఈ డబ్బు నీకు అందిందా అని అడిగి, దొరికినదాన్ని ఊరందరి ముందు తెలుగులో చదివి వినిపించేవారు. పట్టీలో పేరున్న మనిషి అక్కడే లేచి నిలబడి, అవునో కాదో చెప్పేవాడు.